ఆటలో అరటిపండు, నేనూ, ఓ గోల్ఫ్ సంఘం

చిన్నప్పుడు మా వీధిలో క్రికెట్ ఆడేప్పుడు ఒక పద్ధతుండేది. ఎవరి తమ్ముడో "నేనూ ఆడతా" అని ఏడుపు మొదలెడితే, వాళ్ళమ్మ కేకలేస్తుందని భయపడి ఆటలోకి తీసుకునేవాళ్ళు. బ్యాటిస్తారు, బౌలింగూ ఇస్తారు. కాకపోతే వాడు కొట్టిన పరుగులు లెక్కలోకి రావు, వాడు తీసిన వికెట్టు వికెట్టు కాదు. ఆటలో అరటిపండన్నమాట. మూడో తరగతి దాకా నేను అరటిపండునే. ఆ సంగతి నాకు తెలీదు. తెలిసిన రోజు ఇంటికెళ్ళి అన్నం మానేసినట్టు గుర్తు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? గోల్ఫ్ గురించి చెప్దామని. ఆగండాగండి, పేజీ మూసెయ్యకండి :)

బే ఏరియాకొచ్చి ఉద్యోగంలో చేరాక, ఓ మూడేళ్ళ క్రితం మా టీమ్ వాళ్ళు నన్ను గోల్ఫ్‌కి లాక్కెళ్ళారు. అప్పటిదాకా నా దృష్టిలో గోల్ఫ్ అంటే రిటైరైన కలెక్టర్లూ, సినిమాల్లో విలన్లూ ఆడే ఆట. మొదటిరోజు 18 హోల్స్‌కి 141 కొట్టా. అదీ నేను లెక్కపెట్టినవి మాత్రమే. నాతోపాటు ఆడిన సీనియర్‌గారు 81. ఇంకేముంది, మళ్ళీ అరటిపండు. కానీ వెళ్ళేముందు ఆయన ఒక మాటన్నారు. "హ్యాండిక్యాప్ తెచ్చుకోవయ్యా, అప్పుడు నువ్వూ నేనూ పందెం కట్టుకుని మరీ ఆడొచ్చు" అని. వేళాకోళం చేస్తున్నారేమో అనుకున్నా. కాదని తర్వాత తెలిసింది.

ఇక్కడ ఆ హ్యాండిక్యాప్ ఇచ్చేది ఉత్తర కాలిఫోర్నియా గోల్ఫ్ అసోసియేషన్. పొట్టిగా ఎన్‌సీజీఏ. 1901లో పెట్టారు. లక్షకు పైగా సభ్యులున్నారు. మనకి సంఘం అనగానే స్టేజీ, శాలువా, గ్రూప్ ఫోటో గుర్తొస్తాయి. గోల్ఫ్ అనగానే ఈమధ్య సాహిత్ తీగల గుర్తొస్తాడు. హైదరాబాద్ నించి వచ్చిన తల్లిదండ్రుల బిడ్డ, దక్షిణ కాలిఫోర్నియాలో పెరిగాడు, 2023 సెప్టెంబర్‌లో మా దగ్గర్లోని నాపాలో, సిల్వరాడో మైదానంలోనే తన మొదటి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు. ఆ రోజు నేనూ అందరితోపాటు గంతులేశా. కానీ ఈ టపా పైనున్న ఆ ఒక్కడి గురించి కాదు. కింద నాలాంటి లక్షమంది ఆడుకునే ఆటని నిలబెడుతున్న ఒక బోరింగ్ పని గురించి. ఆ పనికి ఫోటోలు రావు.

ఆ పనేంటో చెప్తా. గోల్ఫ్‌లో ఏ రెండు మైదానాలూ ఒక్కలా ఉండవు. ఒకచోట 95 కొట్టడం గొప్ప, ఇంకోచోట మామూలు. మరి పోల్చేదెలా? సంఘం తరఫున వాలంటీర్లు ఒక్కో మైదానానికి వెళ్ళి, ప్రతి హోల్ దగ్గరా నిలబడి కొలతలు తీస్తారు. వాళ్ళు ఇద్దరు ఊహా ఆటగాళ్ళని పెట్టుకుంటారు. మగవాళ్ళ లెక్కలో ఒకడు స్క్రాచ్ ఆటగాడు, మొదటి షాట్ 250 గజాలు కొడతాడు. రెండోవాడు బోగీ ఆటగాడు, 200 గజాలు. ఆడవాళ్ళకైతే 210, 150. ఈ ఇద్దరి బంతులూ ఎక్కడ పడతాయి, అక్కడ చెట్లున్నాయా, నీళ్ళున్నాయా, ఇసకగుంట ఉందా, గ్రీన్ ఎంత చిన్నది అని ఒక్కోటీ రాసుకుంటారు. చివరికి రెండంకెలు తేలతాయి. మంచి ఆటగాడికి ఎంత కష్టమో చెప్పేది కోర్స్ రేటింగ్. అతనితో పోలిస్తే మనలాంటోడికి ఇంకెంత ఎక్కువ కష్టమో చెప్పేది స్లోప్. స్లోప్ 55 నించి 155 దాకా ఉంటుంది, మధ్యస్థం 113. కనీసం పదేళ్ళకోసారి ఇదంతా మళ్ళీ చెయ్యాలి.

ఈ స్లోప్ ఆలోచన పుట్టిందీ మా చుట్టుపక్కలే. 1970లలో డీన్ నూత్ అనే నేవీ ఆఫీసరు మాంటెరేలోని నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో చదువుకుంటూ దీని మీద పనిచేశాడు. మనలాంటి లెక్కల పిచ్చోడే.

ఇక ఫార్ములా. ఇంజినీర్లం కదా, ఇది లేకపోతే నిద్రపట్టదు. మన స్కోరులోంచి కోర్స్ రేటింగ్ తీసేసి, దాన్ని 113 తో గుణించి, స్లోప్‌తో భాగించాలి. వచ్చిందాన్ని డిఫరెన్షియల్ అంటారు. ఆఖరి 20 ఆటల్లోంచి బెస్ట్ 8 డిఫరెన్షియల్స్ తీసుకుని సగటు చేస్తే అదే మన హ్యాండిక్యాప్ ఇండెక్స్. మొదలెట్టడానికి 54 హోల్స్ ఆడిన స్కోర్లు చాలు. ఎంత చెత్తగా ఆడేవాడికైనా 54 దాకా ఇస్తారు. 2020 నించి ప్రపంచమంతటికీ ఇదే పద్ధతి. మీ ఇండెక్స్ పట్టుకుని ఏ దేశం వెళ్ళినా ఎవరితోనైనా సమానంగా ఆడొచ్చు.

ఒక్కసారి ఆలోచించండి. 20 లో 12 చెత్త ఆటల్ని ఫార్ములానే అవతల పారేస్తోంది. మనం రోజూ ఎలా ఆడతామో కాదు, బాగా ఆడిన రోజున ఎంత ఆడగలమో కొలుస్తోంది. పైగా ఎంత కష్టమైన చోట ఆడామో కూడా చూస్తోంది. ఇప్పుడు మన ఆఫీసుల్లో అప్రైజల్ గుర్తుతెచ్చుకోండి. కొత్త ప్రాజెక్టులో చల్లగా కూర్చుని డెమోలిచ్చినవాడికీ, పదేళ్ళ నాటి కోడ్‌లో పడి అర్ధరాత్రి పేజర్ మోగితే లేచినవాడికీ ఒకటే కర్వ్. ఆ రెండోవాడి ప్రాజెక్టు పక్కన "స్లోప్ 140" అని ఎవరూ రాయరు. వాడు ఏడాదంతా బాగా చేసి నవంబర్‌లో ఒక్క రిలీజ్ పాడుచేస్తే ఆ నవంబరే గుర్తుంటుంది. నాకు హ్యాండిక్యాప్ మీద ప్రేమ పుట్టింది ఇందుకే. జీవితంలో మొదటిసారి నన్ను కొలిచే వ్యవస్థ ఒకటి నా వైపు నించి కూడా ఆలోచించినట్టు అనిపించింది.

మరి అంత ప్రేమించినవాణ్ణి ఏం చేశానో కూడా చెప్పాలి కదా.

పోయినేడాది మా క్లబ్బులో ఒక ఆదివారం నెట్ పోటీ పెట్టారు. నెట్ అంటే కొట్టిన స్కోరులోంచి హ్యాండిక్యాప్ తీసేసి చూస్తారు. అప్పటికి నా ఇండెక్స్ 28.4. ముందు శనివారం అదే మైదానంలో ఇద్దరు ఫ్రెండ్స్‌తో సరదాగా ఆడితే, నా జాతకంలో లేని 96 పడింది. రేటింగ్ 70.1, స్లోప్ 124. డిఫరెన్షియల్ 23.6. కారులో కూర్చుని వెంటనే లెక్కేశా. పోస్ట్ చేస్తే ఇండెక్స్ 27.6 అవుతుంది. ఆ మైదానంలో నాకొచ్చే స్ట్రోకులు 29 నించి 28 కి దిగుతాయి. ఆడిన రోజే స్కోరు ఎక్కించాలని రూలు. ఫోన్‌లో అరనిమిషం పని. "ఇంటికెళ్ళి చేద్దాంలే" అనుకున్నా. ఇంటికెళ్ళి చెయ్యలేదు. సోమవారం గుర్తొచ్చింది, చెయ్యలేదు. మర్చిపోయానని చెప్తే అబద్ధం.

పోటీ రోజు 99 కొట్టా. నెట్ 70. మొదటి బహుమతి నాదే, 40 డాలర్ల గిఫ్ట్ కార్డు. రెండో స్థానం డెబ్భై ఏళ్ళ ఒకాయనది. 85 కొట్టాడు, 14 స్ట్రోకులు పోగా 71. మోకాలికి పట్టీ కట్టుకుని 18 హోల్స్ నడిచాడు. నా దగ్గరకొచ్చి చెయ్యి కలిపి అభినందించాడు. సరిగ్గా అప్పుడే, శనివారం నాతో ఆడిన ఫ్రెండొకడు వచ్చి భుజం మీద చరిచి "మొన్న 96, ఇవాళ 99, దార్లో పడ్డావురా" అన్నాడు ఇంగ్లీషులో. పెద్దాయనకి వినపడింది. నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఏమీ అనలేదు.

ఒక్క స్ట్రోక్ తేడాతో గెలిచా. ఆ 96 ఎక్కించి ఉంటే సరిగ్గా ఆ ఒక్క స్ట్రోకే పోయేది. టై అయ్యేది.

580 ఫ్రీవే మీద ఇంటికొస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. 40 డాలర్లు కాదు బాధ. వీధి క్రికెట్‌లో నన్ను లెక్కలోకి తీసుకోకుండా ఆడించారని అన్నం మానేశానా, ఇవాళ అదే పని నేను ఆయనకి చేశా. ఆయన నాలుగున్నర గంటలు నడిచి, ప్రతి పుట్ వంగి చూసుకుని ఆడిన ఆటని ముందే లెక్కలోంచి తీసేశా. ఆయన పోటీ అనుకున్నాడు. నేను ఆయన్ని అరటిపండుని చేశా.

సోమవారం స్కోరు పాత తేదీతో ఎక్కించి, క్లబ్బులో హ్యాండిక్యాప్ కమిటీ చూసేవారికి జరిగింది జరిగినట్టు మెయిల్ పెట్టా. రెండు లైన్ల జవాబొచ్చింది. ఫలితం రద్దు, కార్డు తిరిగిచ్చెయ్, వచ్చే నెల పోటీకి పేరిచ్చుకో. అంతే. నీతిబోధ లేదు. వచ్చే నెల వెళ్ళా. పెద్దాయన టీ దగ్గర అడిగింది ఒక్కటే, "ఇప్పుడు ఇండెక్స్ ఎంత?" అని. 27.6 అని చెప్పా. "సరే పద" అన్నాడు.

దీన్ని ఇక్కడ శాండ్‌బ్యాగింగ్ అంటారు. మన భాషలో తొండి. అంపైర్ లేని ఆట ఇది. మన స్కోరు మనమే రాసుకుంటాం. సంఘం చెయ్యగలిగింది ఏంటంటే, మన స్కోర్లు క్లబ్బులో తోటివాళ్ళు చూసేలా పెట్టడం, అనుమానమొస్తే కమిటీకి అధికారమివ్వడం. మిగతాదంతా మన నిజాయితీ మీదే నడుస్తుంది. పైగా మన ఒక్కరి స్కోరు మన ఒక్కరిది కాదు. ఒకరోజు ఒక మైదానంలో కనీసం 8 స్కోర్లు వస్తే, ఆ రోజు గాలీ వానా వల్ల అందరికీ కష్టమైందా అని సిస్టమ్ చూసి, అవసరమైతే అందరి డిఫరెన్షియల్సూ సర్దుతుంది. మనం దాచేస్తే పక్కవాడి లెక్క కూడా చెడుతుంది. డేటా చెత్తదైతే ఎంత మంచి అల్గారిథమైనా ఏం చేస్తుందో మనకి వేరే చెప్పాలా?

అయితే సంఘం చేసేవన్నీ నాకు నచ్చుతాయని కాదు. 1986లో పెబుల్ బీచ్‌లో పాపీ హిల్స్ అని సొంత మైదానం కట్టుకున్నారు. అమెరికాలో ఒక అమెచ్యూర్ గోల్ఫ్ సంఘం సొంతంగా మైదానం నడపడం అదే మొదటిసారి. గొప్పే. కానీ జీతం చూసుకుని ఆడేవాడికి మాంటెరే ప్రయాణం తరచుగా కుదిరేది కాదు. డబ్లిన్, శాన్ రమోన్‌లలో ఉండే మనవాళ్ళకి దగ్గరలో, లివర్‌మోర్‌లో వాళ్ళదే పాపీ రిడ్జ్ ఉంది. 1996 నాటిది, పూర్తిగా మార్చి కట్టి 2025లో మళ్ళీ తెరిచారు. అయినా ఆటకి నిజమైన పునాది మునిసిపల్ మైదానాలే. 2022లో ఏబీ 1910 అని కాలిఫోర్నియా అసెంబ్లీలో ఒక బిల్లు వచ్చింది. మునిసిపల్ గోల్ఫ్ స్థలాల్ని ఇళ్ళకీ పార్కులకీ మార్చే ఊళ్ళకి ప్రోత్సాహం ఇవ్వాలని. గోల్ఫ్ సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి, బిల్లు కమిటీలోనే ఆగిపోయింది. ఇక్కడ నెలనెలా అద్దె కట్టేవాడిగా నాకు ఆ బిల్లు పెట్టినవాళ్ళ బాధ అర్థమౌతుంది. కానీ మునిసిపల్ మైదానం మూస్తే ప్రైవేట్ క్లబ్బులో ఉన్నవాడికి ఏమీ కాదు. ఆట పోయేది నాలాంటోడికి, పట్టీ కట్టుకుని నడిచే ఆ పెద్దాయనకి. భూమి అడిగేవాళ్ళకి సంఘం జవాబు చెప్పాలంటే, ఆ మైదానాలు అందరివీ అని చేసి చూపించాలి.

అలా చూపించిన పని ఒకటుంది, దానికి మాత్రం రెండు చేతులా దణ్ణం పెడతా. 2006లో ఎన్‌సీజీఏ వాళ్ళు యూత్ ఆన్ కోర్స్ మొదలెట్టారు. 18 ఏళ్ళ దాకా పిల్లలు బాగా తక్కువ డబ్బుకే ఆడొచ్చు. మిగతా తేడా మైదానానికి వీళ్ళు కడతారు. తర్వాత అది దేశమంతా పాకింది. ఇంకో దాంట్లో ఫలానా క్లాసుకి నెలకి రెండొందలు పోస్తున్న మన తల్లిదండ్రులకి ఇది ఎంతమందికి తెలుసో!

కాబట్టి నేను అడిగేది మూడే మూడు. ఒకటి, కంపెనీ అవుటింగ్‌లో ఆడి వదిలెయ్యకుండా హ్యాండిక్యాప్ తెచ్చుకోండి. సొంత మైదానం లేకపోయినా క్లబ్బు పెట్టుకోవచ్చు, పదిమంది కలిస్తే మొదలెట్టొచ్చు. బిర్యానీకి యాభైమంది పోగయ్యే మనకి పదిమంది దొరకరా? రెండు, ప్రతి స్కోరూ ఎక్కించండి, ముఖ్యంగా బాగా ఆడినది. మూడు, వీలైతే కోర్స్ రేటింగ్ వాలంటీర్‌గా ఒక శనివారం వెళ్ళండి. మన వీకెండ్‌లు ఎలాగూ కాస్ట్‌కోలోనే తగలడుతున్నాయి.

మూడోది నేనూ ఇంకా చెయ్యలేదు. ఈ టపా రాసేముందు పేరు నమోదు చేసుకుని వచ్చా, లేకపోతే మీరు అడుగుతారని :)

ఇండెక్స్ ఇవాళ్టికి 26.9. నమ్మకపోతే చూసుకోవచ్చు, దాచిందేమీ లేదు.