ఆపరేషన్ తర్వాత మా చేతుల్ని ఎవరు చూస్తారు?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,

మాది చంద్రశేఖరపురం. అరచేతిలో తాడులా గట్టిపడిన పొర నా ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ లోపలికి లాగేసింది. దీన్ని డూపిట్రాన్ కాంట్రాక్చర్ అంటారు. ఆపరేషన్ చేయించుకున్నా వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి. ఇప్పుడు నొప్పి కూడా తోడైంది. అన్నం కలపలేను, కొడవలి పట్టలేను. చొక్కా గుండీ పెట్టాలన్నా ఇంట్లో ఎవరో ఒకరు రావాలి. రాత్రి దుప్పటి తగిలినా చెయ్యి జివ్వుమంటుంది.

ఈ జబ్బు ఆపరేషన్ తర్వాతా తిరగబెట్టవచ్చు. అందుకు డాక్టర్లను తప్పుపట్టను. కానీ కుట్లు విప్పాక వేళ్లు చాపే వ్యాయామం నేర్పేవారు ఉండాలి, అవసరమైనవారికి వేళ్లను చాపి ఉంచే స్ప్లింటు అందాలి. కాలిన గాయాలతో చేతులు ముడుచుకుపోయిన వారికి ఇవి మరీ ముఖ్యం. వీటి కోసం కూలి మానుకుని ఒంగోలు దాకా తిరగడం మా పల్లెల్లో ఎంతమందికి సాధ్యం?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చాలా ప్రయోజనాలకు 40 శాతం వైకల్యాన్ని హద్దుగా పెట్టింది. రెండు వేళ్లు పనిచేయని కూలీ ఆ హద్దు చేరడం కష్టం. కాబట్టి వైద్యమే మాకు దిక్కు.

చేతి ఆపరేషన్ అయిన ప్రతి ఒక్కరికీ ఫిజియోథెరపీ, అవసరమైతే స్ప్లింటు ఉచితంగా అందేలా ఆదేశించండి. కనిగిరి ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపీ నిపుణులు అందుబాటులో ఉండేలా చూడండి. ఆపరేషన్ ఫలించని వారిని ప్లాస్టిక్ సర్జన్ మళ్లీ పరీక్షించే ఏర్పాటు చేయండి.

ఇట్లు,
చంద్రశేఖరపురం వాసి