కర్ర విరగలేదు మహాప్రభో, బిళ్ళ ఊడింది!

"స్కీ పోల్ కింద బాస్కెట్ ఊడిపోయింది బాసూ, కొత్త జత కొనాలి." ఈ చలికాలంలో డెన్వర్ మిత్రుల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బాస్కెట్ ఊడితే బాస్కెట్ కొనాలి గానీ రెండు కర్రలూ పారేయడం ఏంటండీ? బొందు తెగిందని పైజామా పారేసినట్టు!

మంచు మొహం చూడని వాళ్ళ కోసం ఓ ముక్క. స్కీయింగు చేసేటప్పుడు రెండు చేతుల్లో పట్టుకునే కర్రలే స్కీ పోల్స్. ఒకప్పుడు వెదురువి, ఆ తర్వాత ఉక్కువి ఉండేవి. 1958లో ఐడహో రాష్ట్రంలోని సన్ వ్యాలీలో ఎడ్ స్కాట్ అనే ఆయన అల్యూమినియం గొట్టంతో చేసి చూపించాక ప్రపంచం అటు తిరిగింది. ఇప్పుడు కార్బన్ ఫైబర్‌వి కూడా వస్తున్నాయి. ఏదైనా సరే, ఉండేది ఒక గొట్టం, పైన పిడి, పిడికి పట్టీ, కింద ములికి, ములికికి కాస్త పైన గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ. ఈ బిళ్ళే బాస్కెట్. చూడ్డానికి అలంకారంలా ఉంటుంది గానీ, అది లేకపోతే మెత్తటి మంచులో కర్ర మోచేతి దాకా దిగబడుతుంది. మలుపు కోసం కర్ర ఆనించిన మనిషి అటే బోర్లా పడతాడు. గట్టిగా చదును చేసిన బాట మీదకి అయిదారు సెంటీమీటర్ల బాస్కెట్ చాలు. తాజాగా పడ్డ పొడి మంచుకి తొమ్మిది పది సెంటీమీటర్లది కావాలి. అంటే మార్చుకోవడం దాని జన్మహక్కు :)

గమనించారా, ఇందులో అరిగేవీ ఊడేవీ అన్నీ చిన్న ముక్కలే. గొట్టం ఏళ్ళ తరబడి ఉంటుంది. మరి ఎందుకు పారేస్తున్నాం?

మనవాళ్ళ సమాధానం నాకు తెలుసు. "నా గంట రేటు ఎంతో తెలుసా? పది డాలర్ల ప్లాస్టిక్ ముక్క కోసం గంట వెతుక్కోవాలా?" ఈ లెక్క నాకు వినీ వినీ విసుగొచ్చింది. ఆదివారం సాయంత్రం సోఫాలో పడుకుని ఫోన్ తిప్పుతున్నప్పుడు నీ గంటకి ఎవడిస్తున్నాడయ్యా డబ్బులు? కొత్త జత కోసం నలభై రివ్యూలు చదవడానికి పట్టిన రెండు గంటల బిల్లు ఎవరికి పంపావు? గంట రేటు రిపేరుకి మాత్రమే గుర్తొస్తుంది, షాపింగుకి గుర్తు రాదు. పైగా మనమందరం ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో వర్క్‌షాప్ లాబ్ చేసినవాళ్ళమే. ఫిట్టింగు, కార్పెంటరీ, టిన్ స్మితీ, రికార్డులో బొమ్మలు, ఎక్స్‌టర్నల్ ముందు వణుకు. ఆకురాయి పట్టి ఇనప ముక్కని చదును చేసిన చేతులు ఒక స్క్రూ విప్పలేవా?

అయితే తప్పంతా మనదే అంటే నేనొప్పుకోను. కంపెనీల సంగతి కూడా చూడాలి. మొన్న ఇక్కడి ఒక దుకాణానికి బాస్కెట్ల కోసం వెళితే, కౌంటర్ కుర్రాడు నా కర్ర అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ మోడల్ ఆపేశారు, దీనికి పట్టే బాస్కెట్లు మా దగ్గర లేవు, కొత్త పోల్స్ మీద డిస్కౌంట్ ఉంది" అన్నాడు. ఆపేసింది కర్రనయ్యా, గుండ్రటి రంధ్రాన్ని కాదు! ఒక కంపెనీది మర తిప్పి బిగించేది, ఇంకోదానిది నొక్కి కూర్చోబెట్టేది, మరోదానిది క్లిక్‌మని పట్టేది. నొక్కేవాటిలో కూడా రంధ్రం కొలతలు వేరువేరు. పోనీ ఆ కొలత కర్ర మీద ఎక్కడైనా ఉంటుందా? కర్ర పొడవు ఉంటుంది, కంపెనీ పేరు బారెడు ఉంటుంది, కావలసిన ఒక్క అంకె మాత్రం ఉండదు. ఆఫీసులో ఎవడైనా డాక్యుమెంటేషన్ లేని ఏపీఐ ఇస్తే చీల్చి చెండాడతాం, వెండర్ లాకిన్ అని పేజీలకి పేజీలు మెయిల్స్ రాస్తాం. ఇక్కడ మాత్రం కార్డు గీకి బయటికొచ్చేస్తాం.

నిజానికి పని ఎంత తేలికో చూడండి. నొక్కి పెట్టే రకమైతే పాత బాస్కెట్‌ని వేడినీళ్ళలో కాసేపు ఉంచితే మెత్తబడి ఊడి వస్తుంది. కొత్తదాన్నీ అలాగే వేడి చేసి, రంధ్రం ఉన్న చెక్క ముక్క మీద పెట్టి, కర్రని నిలువుగా నొక్కడమే. కొలత తెలియకపోతే వెర్నియర్ కాలిపర్ ఉండనే ఉంది, అదీ ఫస్టియర్‌దే. పట్టీ తెగితే చాలా పిడుల్లో పైన మూత కింద ఒక స్క్రూ ఉంటుంది, అది విప్పితే పట్టీ చేతికొస్తుంది. క్రాస్ కంట్రీ పోల్స్‌లో పిడి, ములికి వేడికి కరిగే జిగురుతో అంటిస్తారు. మరిగే నీళ్ళు చాలు, మంట జోలికి పోవద్దు, కార్బన్ గొట్టంలోని రెజిన్ పాడవుతుంది. నీళ్ళయితే నూరు డిగ్రీలు దాటవు (డెన్వర్ ఎత్తులో తొంభై అయిదు దగ్గరే మరుగుతాయి, అదో బోనస్). పొడవు మార్చుకునే, మెలితిప్పి బిగించే పోల్స్ అయితే ఇంటికి రాగానే విడదీసి, తుడిచి, రాత్రంతా ఆరనివ్వాలి. లోపల నూనె మాత్రం వేయకండి. అక్కడ పట్టు నిలిచేది రాపిడి మీదే, నూనె వేస్తే జారిపోతుంది. లోపలి ప్లాస్టిక్ ఎక్స్‌పాండర్ అరిగితే, అదీ చాలా రకాలకి విడిగా దొరుకుతుంది.

రిపేరు పిచ్చి పట్టిందనుకోకండి. కార్బన్ గొట్టానికి లోతుగా గాటు పడినా, అల్యూమినియం గొట్టం మడత పడి నొక్కుకుపోయినా ఆ గొట్టం పారేయాల్సిందే. కొండ మీద బరువంతా మోపినప్పుడు విరిగితే ఆ మొన ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పలేం. నా గొడవల్లా గొట్టం నిక్షేపంగా ఉన్నవాటి గురించే.

ఇదే కొలరాడో రాష్ట్రం 2022లో పవర్ వీల్‌చెయిర్లకి, 2023లో ట్రాక్టర్లలాంటి వ్యవసాయ యంత్రాలకి, 2024లో ఫోన్లూ కంప్యూటర్ల వంటివాటికి రిపేరు హక్కు చట్టాలు చేసింది. రైతులు గొడవ చేశారు, వీల్‌చెయిర్ వాడేవాళ్ళు గొడవ చేశారు, వచ్చాయి. బాస్కెట్ కోసం అసెంబ్లీకి పొమ్మనను, నవ్విపోతారు. కొనేముందు కౌంటర్ దగ్గర రెండు ప్రశ్నలు అడగండి చాలు: దీని బాస్కెట్, ములికి విడిగా అమ్ముతారా? కొలత ఎంత? జవాబు రాకపోతే కర్ర మళ్ళీ స్టాండులో పెట్టేసి, చెప్పగలిగినవాడి దగ్గర కొనండి. డెన్వర్‌లోనే మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు, ప్రతి లాంగ్ వీకెండ్‌కీ ఐ-70 మీద బారులు తీరేది మన కార్లు కూడా కదా! గొట్టం మీద బారెడు పేరు అచ్చు వేసేవాళ్ళకి, దాని పక్కన రెండంకెల మిల్లీమీటర్ల కొలత వేయడానికి చోటు లేదంటే నేను నమ్మను.