పాత్రలు మేడమీదికి, కంప్యూటర్లు కిందికి

పిల్లోళ్ల ఓవర్‌క్లాకింగ్ మిషను కోసమని గ్రూపులో పెట్టిన కొటేషన్ చూసినాము. ఆ రాత్రి పదకొండు దాకా దాని మీద నడిచిన మాటలూ చూసినాము. అప్పుడు ఏమీ రాయలేదు, కోపంలో రాస్తే మనవాళ్లకే తగులుతుందని. ఇప్పుడు కొంచెం చల్లబడినాము కాబట్టి రాస్తున్నాము. పొడుగ్గానే ఉంటుంది, కాఫీ పక్కన పెట్టుకుని చదవండి.

గ్రూపులో రెండు జట్లయినాయి. ఒక జట్టు, "ఉన్న కంప్యూటర్‌ను ఇంకా వేగంగా తిప్పేదేంది, కాలిపోతే ఎవరిస్తారు దుడ్డు" అని. రెండో జట్టు, "కొనేదే కొంటున్నాము, ఐ9 కొందాము, అద్దాల క్యాబినెట్ కొందాము" అని. మేము రెండు జట్లకూ వ్యతిరేకం. ముఖ్యంగా రెండో జట్టుకు.

ముందు పెద్దోళ్లకు ఒక మాట. ఓవర్‌క్లాకింగ్ అంటే గారడీ కాదు. ప్రాసెసర్‌కు ఒక మూల గడియారం ఉంటుంది, సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. దాన్ని 45తో గుణిస్తే 4.5 గిగాహెర్ట్జ్. ఆ 45ను 46 చేసి, 47 చేసి, నిలబడుతుందా పడిపోతుందా అని చూసేదే ఈ ఆట. నిలబడకపోతే ఓల్టేజి కొంచెం పెంచుతారు, పెంచితే వేడెక్కుతుంది, వేడిని లాగాలి. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని ఒక చవక చిప్పు వచ్చింది. దాని బస్సు వేగాన్ని 66 నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్పు 450లో పరుగెత్తేది. దుడ్డు లేనోళ్లు దుడ్డున్నోళ్ల వేగం అందుకునే దారిగా ఈ హాబీకి పేరొచ్చింది అట్లనే. ఇప్పుడది తలకిందులైంది, ఎక్కువ దుడ్డు పెట్టినోడే ఓవర్‌క్లాకర్ అన్నట్టు తయారైంది. మా కొట్లాట అక్కడే.

కొటేషన్‌లో ఏముందో చూసినారా? కే అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్, దానికింద బి చిప్‌సెట్ బోర్డు. అప్పా, ఇంటెల్‌లో గుణకం తాళం తీసి ఇచ్చేది కే చిప్పులకే, ఆ తాళాన్ని తిప్పనిచ్చేది జడ్ బోర్డులే. బి బోర్డు మీద కే చిప్పు పెడితే ర్యామ్ వేగం మార్చుకోవచ్చు గానీ ప్రాసెసర్ గుణకం పైకి కదలదు. కే అక్షరానికి ఎక్కువ కట్టి, ఆ అక్షరం చేసే పని మాత్రం వద్దనుకున్నట్టు. ఓవర్‌క్లాకింగ్‌కని అడిగితే ఈ జోడీ రాసిచ్చిన అంగడాయనకు తెలియక రాసినాడో, తెలిసే రాసినాడో మేము చెప్పము. మన కమిటీలో సంతకం పెట్టిన నలుగురిలో ఒక్కరైనా అడగాల్సింది కదా.

అదే ఏఎండీ రైజెన్‌లో డెస్క్‌టాప్ చిప్పులు చాలామటుకు తాళం లేకుండానే వస్తాయి. బి450, బి550 వంటి మధ్యరకం బోర్డులు చాలు. ఏ320, ఏ520 మాత్రం కొనగూడదు, వాటిలో ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేయనివ్వరు. పిల్లోళ్లు నేర్చుకునేదానికి రైజెన్ 5600 మాదిరి చిప్పు, ఒక మంచి బి550 బోర్డు సరిపోతాయి. ఐ9 ఎందుకప్పా, మనమేమైనా సినిమాకు గ్రాఫిక్స్ చేస్తున్నామా?

ఇక మన ఊరి సంగతి. వీడియోల్లో చెప్పేవాళ్లు 22 డిగ్రీల గదిలో కూర్చుని చెప్తారు. మన కంప్యూటర్ గది మేడమీద రేకుల కింద ఉంది. పోయిన ఏప్రిల్‌లో మధ్యాహ్నం రెండుకు మేమే థర్మామీటర్ పెట్టి చూసినాము, 40 దాటింది. గాలితో చల్లబరిచే కూలర్ ఎంత ఖరీదుదైనా గది వేడి కంటే కిందికి దించలేదు. నీళ్ల కూలరైనా అంతే, ఆ నీళ్లను చల్లబరిచేదీ గదిలో గాలే. చల్లని గదిలో 72 డిగ్రీల దగ్గర నిలిచే చిప్పు, అదే కూలర్‌తో అదే పనికి మన రేకుల కింద 90కి పోతుంది. అక్కడికి వచ్చేసరికి చాలా చిప్పులు వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి. అంటే దుడ్డు పోసి ఎక్కించిన వేగాన్ని రేకులు దించేస్తాయి.

పైగా వేడి లెక్క వరుసగా పెరగదు. వేగంతో పాటు పెరుగుతుంది, ఓల్టేజి వర్గంతో పెరుగుతుంది. వేగం పదోవంతు, ఓల్టేజి పదోవంతు పెంచితే వాట్లు మూడోవంతు పెరుగుతాయి. 65 వాట్లు తినే చిప్పు 86 తింటుంది. పదో తరగతి పిల్లోడికి ఈ లెక్క పలక మీద చెప్తే ఆవలిస్తాడు. తన మిషను తన కళ్ల ముందు ఆగిపోతే వాడే పెన్ను తీస్తాడు. "దుడ్డు దండగ" అన్న పెద్దోళ్లు ఒక ఆదివారం వచ్చి చూడండి అంటున్నది దీనికే.

కరెంటు మాట ఎత్తక తప్పదు. తిరుమణి పక్కన 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. మనలో చానామంది భూములు ఎకరాకు ఏడాదికి 21,000 లెక్కన గుత్తకిచ్చినవాళ్లే. "ఇంత కరెంటు పక్కనే పుడతా ఉంటే ఓల్టేజి భయమెందుకు" అని ఒకాయన గ్రూపులో రాసినాడు. అన్నా, ఆ కరెంటు పెద్ద లైన్లెక్కి గ్రిడ్‌లోకి పోతుంది. మన గోడలో ప్లగ్గుకు వచ్చేది వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. సాయంత్రం మోటార్లు ఆన్ అయితే మా మీటర్‌లో 230 ఉండాల్సింది 175 చూపిన రోజులున్నాయి. న్యూట్రల్ తెగితే ఇంకా ఘోరం, సింగిల్ ఫేజు ఇంట్లోకి 400 దాకా రావచ్చు.

మా వీధిలో ఒక పిల్లోడు, పేరు ఎందుకులెండి, వాళ్లమ్మ శనక్కాయలమ్మిన దుడ్డుతో మిషను కట్టించుకున్నాడు. ప్రాసెసర్‌కు మంచిగా పెట్టినాడు, లైట్లకు పెట్టినాడు, మిగిలిన చిల్లరతో ఎస్‌ఎంపీఎస్ కొన్నాడు. మూడో నెలలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. టప్‌మని ఒక సద్దు. ఎస్‌ఎంపీఎస్ పోతా పోతా బోర్డును కూడా తీసుకుపోయింది. వాడు మూడు వారాలు ఇంట్లో ఎవరితో మాట్లాడలేదు. వాళ్లమ్మ మాత్రం మమ్మల్ని దావలో నిలబెట్టి అడిగింది, "మీరు పెద్దోళ్లు కదా, ఏది ముందు కొనాలో చెప్పగూడదా" అని. మా దగ్గర జవాబు లేదు. ఈ రాతంతా ఆమెకు బాకీ ఉన్న జవాబే.

మన తాలూకాలో భాగాలు ఎంచుకునేది గోడ నుంచి లోపలికి. మొదట ఎర్త్. సంఘం బిల్డింగులో ఎర్త్ గుంత ఉంది, నీళ్లు పోసి ఎన్నేండ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. తర్వాత ఎస్‌ఎంపీఎస్. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉండి 100 నుంచి 240 ఓల్ట్‌ల దాకా తీసుకుంటుందని చీటీ మీద రాసినదే కావాల. 200–240 అని రాసిన చవకవి మన సాయంత్రాలకు పనికిరావు. 80 ప్లస్ గుర్తు చూసి మురిసిపోవద్దు. అది కరెంటు ఎంత తక్కువ దుబారా చేస్తుందో చెప్తుంది గానీ సరుకు ఎన్నాళ్లుంటుందో చెప్పదు, ఆ పరీక్ష కూడా 23 డిగ్రీల గదిలో చేసింది. లోపల కెపాసిటర్లు 105 డిగ్రీలవా 85వా అని అడగండి. ఇట్లాంటి ఎస్‌ఎంపీఎస్‌కు యూపీఎస్ కూడా ప్యూర్ సైన్ వేవ్‌దే పెట్టాల, చదరపు అలదైతే కొన్నిసార్లు కరెంటు పోయిన క్షణంలోనే మిషను ఆగిపోతుంది.

ఆ తర్వాత బోర్డు. ఇక్కడ ఎవరూ చూడనిది ఒకటుంది, ప్రాసెసర్ చుట్టూ ఉండే వీఆర్‌ఎమ్. ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 ఓల్ట్‌లను 1.2 ఓల్ట్‌లకు దించేది అదే. చిప్పు 120 వాట్లు అడిగిందంటే 1.2 దగ్గర అది 100 ఆంపియర్లు. మన 5 హార్స్‌పవర్ బోరు మోటారు ఒక్కో ఫేజులో తీసుకునేది 8, 10 ఆంపియర్లు. అరచేయంత జాగాలో దానికి పదింతలు! దాని మీద అల్యూమినియం దిమ్మె కూడా లేని బోర్డుతో ఓవర్‌క్లాకింగ్ అంటే సన్న వైరుకు మోటారు కట్టినట్టే.

తర్వాత కూలర్, అటు తర్వాత ప్రాసెసర్. ఒకే మూటలో శనగ విత్తనాలన్నీ ఒకే తీరుగా మొలవవు కదా, చిప్పులూ అంతే. ఒకే నంబరున్న రెండు చిప్పుల్లో ఒకటి ఎక్కువ వేగానికి నిలుస్తుంది, ఒకటి నిలవదు. అంగట్లో "ఇది బాగా ఎక్కుతుంది" అని ఎక్కువ ధర చెప్తే నమ్మొద్దు.

ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ 13, 14 తరాల ఇంటెల్ ఐ7, ఐ9లు చవకగా దొరుకుతున్నాయని కూడా ఎవరో రాసినారు. 2024లో ఆ తరాల డెస్క్‌టాప్ చిప్పులు కుదురులేకుండా ఆగిపోతుంటే, ఓల్టేజి ఎక్కువైపోవడమే కారణమని ఇంటెలే ఒప్పుకుని ఆగస్టులో మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీ రెండేండ్లు పెంచింది. ఆ సరిదిద్దుడు ఇక జరగబోయే చేటును ఆపుతుంది గానీ అప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగుచేయదు. ముందు వాడినోడు ఎట్ల వాడినాడో తెలియనప్పుడు ఆ చవక మనకొద్దు. కంపెనీకే ఓల్టేజి చేతిలో దెబ్బ తగిలినప్పుడు మన పిల్లోళ్లకు ముందు నేర్పాల్సింది పెంచేది కాదు, తగ్గించేది. రైజెన్‌లో కర్వ్ ఆప్టిమైజర్‌తో ఓల్టేజి కొంచెం కొంచెం కిందికి దించితే చిప్పు చల్లగా ఉండి, ఆ చల్లదనంతో తనకు తానే వేగం ఎక్కుతుంది. మన ఎండకు తగిన ఓవర్‌క్లాకింగ్ అదే అని మా వాదన. దించిన ప్రతిసారీ ఓసీసీటీ, మెమ్‌టెస్ట్ గంటలకొద్దీ నడపాల. అయిదు నిమిషాలు ఆగకుండా నడిచిందని స్క్రీన్‌షాట్ పెట్టి సంబరపడితే రేపు ప్రాజెక్టు ఫైలు చెడిపోతుంది.

కమిటీ ముందు మేము పెడుతున్నది ఇది. ఆ కొటేషన్ వెనక్కి ఇవ్వండి. అందులో సగం చాలు మిషనుకు. మిగతా సగంలో ఎర్త్, వైరింగ్, యూపీఎస్. కింద మెట్ల పక్కనున్న గది, గోడలు మందం, మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది, దాంట్లో ఇప్పుడు పెండ్లిపాత్రలు, షామియానా గుంజలు పెట్టినారు. సత్తు గుండిగెలకు ఎండ తగిలితే ఏమీ కాదు. అవి మేడమీదికి పోనీ.

"పాత్రలు ఎవరు మోస్తారు" అని కార్యదర్శిగారు అడుగుతారని తెలుసు. మేము నలుగురం ఉన్నాము, ఆదివారం బడి పిల్లోళ్లు ఒక పదిమంది వస్తామన్నారు. పెద్ద గుండిగె ఒక్కటే మెట్ల మలుపులో తిరగదు, దానికి తాడు కావాల. తాళంచెవి ఎవరి దగ్గరుందో శనివారం రాత్రిలోపు గ్రూపులో చెప్పండి.