ప్లగ్గుకు పేరు కాదు, నంబరు అడగండి

బండి మొరాయిస్తే మన పల్లెల్లో మొట్టమొదట వినపడే మాట 'ప్లగ్గు పోయినట్టుంది' అని. మిస్త్రీ అదే అంటాడు, మనమూ అదే అంటాం. చేతికందిన కొత్త ప్లగ్గు వేస్తాం. బండి రెండు రోజులు నడుస్తుంది, మూడో నాడు మళ్ళీ ఆగుతుంది. అప్పుడు కంపెనీని తిడతాం. విత్తనం కొనేటప్పుడు రకం పేరు, లాటు నంబరు చూసే రైతు, ప్లగ్గు కొనేటప్పుడు మాత్రం 'ఏదో ఒకటి ఇయ్యి' అంటాడు. నష్టం అక్కడే మొదలవుతుంది.

కొన్నేళ్ల కిందటి మా ఇంటి సంగతే చెబుతాను. మాకు పాత పెట్రోలు జీపు, దాని వెనుక చిన్న ట్రయిలరు ఉండేవి. తెల్లవారుజామున టమాటా, వంకాయ వేసుకుని చిక్కడపల్లి కూరగాయల మార్కెట్టుకు పోయేవాళ్లం. ఒక సాయంత్రం జీపు ఆగింది. మా అబ్బాయి అప్పుడు అశోక్‌నగర్‌లో గదిలో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటున్నాడు. ఫోను చేసి 'జీపుకు నాలుగు ప్లగ్గులు పట్టుకరా కొడుకా' అన్నాను. వాడు చిక్కడపల్లి లైబ్రరీలో చదువు ఆపి నారాయణగూడ వైపు పోయి, ఒక దుకాణంలో జీపు ప్లగ్గులని అడిగి, కొని, రాత్రి బస్సుకు తెచ్చాడు.

పొద్దున మిస్త్రీ పాత ప్లగ్గునూ కొత్త ప్లగ్గునూ పక్కపక్కన పెట్టి చూపించాడు. 'ఇవి ఎక్కించొద్దు పటేలా, చూడీల పొడుగు చూడు' అన్నాడు. మా పాత జీపు ప్లగ్గుకు మరలున్న భాగం 9.5 మిల్లీమీటర్లు. పిల్లవాడు తెచ్చినదానికి 19 మిల్లీమీటర్లు. సరిగ్గా రెట్టింపు! లావు రెండింటికీ ఒకటే, 14 మిల్లీమీటర్లు. కాబట్టి చేత్తో తిప్పితే చక్కగా ఎక్కేది. స్టార్టు చేసినప్పుడు లోపల వాల్వుకో పిస్టనుకో తగిలితే ఇంజను విప్పాల్సి వచ్చేది. మిస్త్రీ కళ్లు తెరిచి ఉన్నవాడు కనుక బతికిపోయాం. కానీ ఆ రోజు టమాటా మార్కెట్టు అందలేదు, పిల్లవాడి చదువు ఒక రోజు పోయింది. తప్పు దుకాణం వాడిది కాదు. జీపులు ఎన్ని రకాలు! నంబరు చెప్పని తప్పు నాది.

డీజిలు బండికి స్పార్కు ప్లగ్గు ఉండదు

ముందు ఈ మాట తేల్చుకోవాలి. ట్రాక్టరుకు, డీజిలు లారీకి, డీజిలు ట్రాలీకి స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. కొన్ని చిన్న డీజిలు ఇంజన్లకు హీటర్ ప్లగ్గు ఉంటుంది. అది చలిలో స్టార్టు కావడానికి వేడినిచ్చేదే తప్ప నిప్పురవ్వ ఇచ్చేది కాదు. డీజిలు బండికి 'స్పార్కు ప్లగ్గు మార్చాం' అని ఎవరైనా డబ్బులడిగితే, పాతది చూపించమని నిలదీయండి.

ఒకప్పుడు మన రోడ్ల మీద పెట్రోలు లారీలూ తిరిగేవి. 1954లో టాటా వాళ్లు జర్మనీ బెంజి కంపెనీతో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టాక రానురాను డీజిలుదే రాజ్యమైంది. ఈనాడు సన్నకారు రైతు చేతిలో స్పార్కు ప్లగ్గు ఉండేవి వేరు. పాత పెట్రోలు జీపు, పెట్రోలుకో గ్యాసుకో నడిచే ట్రాలీ ఆటో, సంచులు మోసే మోపెడు, మందు కొట్టే పవర్ స్ప్రేయరు, చిన్న పెట్రోలు పంపుసెట్టు. మనకు లారీ అయినా ఇవే, కూలి అయినా ఇవే.

మూడు కొలతలు, ఒక వేడి

ప్లగ్గు సరిపోవాలంటే మరల లావు, మరల పొడుగు, కొన దగ్గర సందు – ఈ మూడూ కుదరాలి. పొడుగు ఎక్కువైతే లోపల తగులుతుంది. తక్కువైతే రవ్వ లోతుగా ఉండిపోయి మంట సరిగా పట్టదు, హెడ్డులో ఖాళీగా మిగిలిన మరల్లో మసి పేరుకుంటుంది. తర్వాత సరైన ప్లగ్గు కూడా ఎక్కదు.

నాలుగోది వేడి గుణం. దీన్ని మనలో చాలామంది పట్టించుకోరు. ప్లగ్గు కొన దాదాపు 450 డిగ్రీలు దాటితేనే తన మీది మసిని తానే కాల్చుకుంటుంది. 850 డిగ్రీలు దాటితే రవ్వ రాకముందే పెట్రోలు అంటుకుని పిస్టను కాలిపోయే ప్రమాదముంది. వేడిని తనలోనే నిలుపుకొనేది వేడి ప్లగ్గు. హెడ్డుకు త్వరగా వదిలేసేది చల్లటి ప్లగ్గు. బరువుతో దూరం పోయే ఇంజనుకు వేడి ప్లగ్గు వేస్తే చేటు. పొలానికీ ఇంటికీ మాత్రమే తిరిగే బండికి మరీ చల్లటిది వేస్తే రోజూ మసి.

ఇక్కడే పెద్ద తిరకాసు ఉంది. ఎన్‌.జి.కె. ప్లగ్గు మీద అంకె పెరిగితే చల్లటిది. ఛాంపియన్‌లో అంకె పెరిగితే వేడిది. బాష్ వాళ్ల పాత లెక్కలో 175, 225 అని పెద్ద అంకెలుండేవి, అంకె పెరిగితే చల్లటిది. వాళ్లదే కొత్త లెక్కలో ఒంటి అంకె, అది పెరిగితే వేడిది. పాత 175 కొత్తగా 7 అయింది, పాత 225 కొత్తగా 5 అయింది. కాబట్టి 'ఆ కంపెనీలో 7 ఉంటే ఈ కంపెనీలో కూడా 7 ఇయ్యి' అనడం యూరియా బస్తా బరువు చూసి పొటాష్ వేయడం లాంటిది. కంపెనీ మారితే దుకాణంలోని పట్టిక చూపించమనాలి. పట్టిక లేని దుకాణంలో కంపెనీ మార్చకపోవడమే మంచిది.

మార్చే ముందు చూడండి

ఆకు రంగు చూసి పైరుకు ఏం తక్కువైందో చెప్పే రైతుకు ప్లగ్గు రంగు చదవడం కష్టమా? లేత గోధుమ రంగుంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయింది, లేదా ప్లగ్గు మరీ చల్లటిది. తడిగా నూనె ఓడుతుంటే రింగులు అరిగి ఉండొచ్చు. టూ స్ట్రోకు ఇంజనైతే ఆయిలు ఎక్కువ కలిపి ఉండొచ్చు. తెల్లగా మాడి పొక్కులుంటే ఇంజను వేడెక్కుతోంది. ఇవి రోగం గుర్తులు. రింగులు పోయిన ఇంజనుకు ఎన్ని ప్లగ్గులు మార్చినా డబ్బు దండగ.

పెట్రోలు కూడా మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి బంకుల్లో మామూలైంది. పాత కార్బురేటరు దీనికి చేసింది కాదు. దీంతో పెట్రోలు పాలు తగ్గి ప్లగ్గు కొంచెం తెల్లబడవచ్చు. అలాంటప్పుడు ప్లగ్గును నిందించే ముందు కార్బురేటరు చూపించాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి, పంటకాలం అయిపోయాక స్ప్రేయరు టాంకీ ఖాళీ చేసి పెట్టుకోండి.

ప్లగ్గు విప్పేది ఇంజను చల్లారాకే. వేడి అల్యూమినియం హెడ్డులో విప్పితే మరలు ఊడి వస్తాయి. ముందు చుట్టూ ఉన్న దుమ్ము ఊదేయాలి, లేకపోతే అది సిలిండరులో పడుతుంది. సందు పాత పెట్రోలు ఇంజన్లకు చాలావరకు 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు. బండి పుస్తకంలో ఉన్నదే ప్రమాణం. కొలిచే గేజీ లేకపోతే, ఆక్సా బ్లేడు మందం దాదాపు 0.6 మిల్లీమీటర్లుంటుందని గుర్తు పెట్టుకోండి. ఎక్కించేటప్పుడు చివరిదాకా చేత్తోనే తిప్పాలి. కొత్త వాచరున్న 14 మిల్లీమీటర్ల ప్లగ్గుకు ఆ తర్వాత పానాతో సగం చుట్టు, మించితే మూడింట రెండు వంతులు. అంతే. బలం చూపించే చోటు అది కాదు.

ఎవరేం చేయాలి?

ఖరీదైనదంతా మంచిదనుకోవడం కూడా పొరపాటే. ఇరీడియం ప్లగ్గు ఎక్కువ కాలం వస్తుంది, నిజమే. కానీ నూనె తాగే పాత ఇంజనులో అదీ మసిబారుతుంది. మనకు మామూలు ప్లగ్గు, సరైన నంబరుది చాలు. మరీ చవకగా, పెట్టె మీద అచ్చు మసకగా, ఒంటి మీద నంబరు చెరిగిపోయేలా ఉన్నది మాత్రం తీసుకోవద్దు. నకిలీ విత్తనాల మీద కలెక్టరాఫీసు దాకా పోతున్నాం. నకిలీ విడిభాగం మీద కనీసం బిల్లు కూడా అడగడం లేదు. బిల్లు లేనివాడికి రేపు అడిగే నోరుండదు.

వ్యవసాయ శాఖ, కృషి విజ్ఞాన కేంద్రాలు విత్తనం మీద, ఎరువు మీద, పురుగు మీద శిక్షణలు పెడుతున్నాయి. స్ప్రేయరు ఇంజను మీద కూడా సీజనుకు ఒక పూట పెట్టాలి. పత్తికి మందు కొట్టాల్సిన రోజు స్ప్రేయరు ఆగితే పురుగు ఆగదు గదా! ప్రాథమిక సహకార సంఘాల గోడ మీద ఎరువుల ధరల పక్కన, మండలంలో ఎక్కువగా వాడే ఇంజన్లకు పట్టే ప్లగ్గు నంబర్ల పట్టిక అంటించడానికి పైసా ఖర్చు లేదు.

వాళ్లు చేసేదాకా మనం ఆగనక్కర లేదు. ఈ ఆదివారం మీ బండి పుస్తకం తీసి ప్లగ్గు నంబరు చూడండి. టూలు డబ్బా మూత లోపల పెయింటుతో రాయండి. పట్నంలో చదువుకునే మీ పిల్లల ఫోనుకు ఆ నంబరు పంపి ఉంచండి. ఇంకోసారి అశోక్‌నగర్‌లో ఉన్న కొడుక్కి 'జీపు ప్లగ్గు పట్టుకరా' అని చెప్పకండి. నంబరు చెప్పండి. వాడి పొద్దు మిగులుతుంది, మీ పంట మార్కెట్టుకు అందుతుంది.