పేర్లలో మిగిలిన భాష

జపాను దేశమునకు ఉత్తరమున హొక్కైడో అను పెద్ద ద్వీపము కలదు. త్సుగారు జలసంధి దానిని హోన్షూ ద్వీపమునుండి వేరుచేయుచున్నది. నడుమ అగ్నిపర్వతములు, శీతకాలమున ఈశాన్య తీరమునకు ఓఖోట్స్కు సముద్రపు మంచుగడ్డలు కొట్టుకొనివచ్చును.

ఈ సీమ ఐనూ జనుల పుట్టినిల్లు. 1869లో జపాను ప్రభుత్వము దీనికి హొక్కైడో యని పేరిడి, వలసదారులను రప్పించెను. ఐనూ పిల్లలకు బడిలో జపాను భాషయే నేర్పబడెను. క్రమముగా వారి భాష ఇండ్లలోను మూగవోయెను. సప్పోరో వంటి ఊరిపేర్లలో అది నేటికిని నిలిచియున్నది; మాతృభాషగా పలుకువారు మాత్రము మిక్కిలి అరుదు. 2019 నాటి చట్టము ఐనూలను ఆదివాసులుగా పేర్కొనెను. చట్టము గౌరవము నీయగలదు గాని, తల్లి నోటి మాట నీయజాలదు.

ఇరుగుపొరుగు భాషను నేర్వవలసినదే. అందులకై ఇంటిభాషను విడువ నక్కరలేదని నా అభిప్రాయము. తలిదండ్రులారా, బడిలో తెలుగు చదువు బిడ్డతో ఇంటను తెలుగే పలుకుడు.