స్టాప్‌వాచ్ లేని ట్రాక్ కావాలి

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని పొట్టనపెట్టుకున్నాయి. అందులో 71 శాతం మరణాలకు అతివేగమే కారణమని ఆ నివేదికే చెబుతోంది. ఇలాంటి అంకెలు బయటికి వచ్చినప్పుడల్లా కెమెరాలు పెంచాలి, చలాన్లు పెంచాలి, కుర్రాళ్ళ చేతికి తాళాలు ఇవ్వకూడదు అన్న మాటలు వినిపిస్తాయి. అవన్నీ అవసరమే. రోడ్డు మీద బండ్ల పందేలు పెట్టుకునేవాళ్ళకు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద జైలు, జరిమానా ఉన్నాయి. 2019 సవరణతో ఆ శిక్షలు పెరిగాయి కూడా. అయినా హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద రాత్రిపూట పందేల బెడద తీరలేదు. ఇక్కడ వద్దని చట్టం చెప్పగలదు. మరెక్కడ అని అడిగితే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సరైన సమాధానం దొరకడం కష్టం. కార్టింగ్ ట్రాకులతో సరిపెట్టుకోవాలి, లేదంటే చెన్నైకో కోయంబత్తూరుకో పోవాలి. వేగం మీద మోజున్నవాళ్ళకు ఒక ట్రాక్ ఉండాలన్నదే నా వాదన. అయితే దానికొక షరతు ఉంది. కొత్తగా వచ్చినవాడి పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి, ట్రాక్ పక్కన స్టాప్‌వాచ్ ఉండకూడదు. ఆ షరతు లేని ట్రాక్ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ఈ పద్ధతిని మనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. అమెరికాలో బీఎండబ్ల్యూ, పోర్షే కార్ల యజమానుల క్లబ్బులు దశాబ్దాలుగా ఇలాంటి డ్రైవింగ్ స్కూళ్ళు నడుపుతున్నాయి. ఫార్ములా వన్ పోటీలు జరిగే ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ మీద కూడా సొంత కార్లతో వచ్చే మామూలు జనం కోసం ఇలాంటి రోజులు పెడతారు. టెక్సాస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళకు అది కొన్ని గంటల ప్రయాణం. అక్కడ ముందు బండిని చూస్తారు: బ్రేకు ప్యాడ్లు, టైర్లు, చక్రాల నట్లు, కారు లోపల వదులుగా దొర్లే వస్తువులు. తర్వాత తరగతి. ఏ జెండాకు ఏం చేయాలో నోటికి రావాలి. పసుపు జెండా కనిపిస్తే ముందు ప్రమాదం ఉందని అర్థం, ఎవరినీ దాటకూడదు. ఎర్ర జెండా ఊపితే ఆ విడత అక్కడికి ఆగిపోయినట్టే. ముందున్న కారు డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి ఏ పక్కనుంచి పోవాలో చూపించేదాకా వెనకవాడు దాటడానికి లేదు, అదీ తిన్నటి దారిలోనే. ల్యాప్ ఎన్ని సెకన్లలో పూర్తయిందో ఎవరూ లెక్కగట్టరు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పట్టిక గోడకెక్కదు.

ఇంత కట్టుదిట్టంలో నేర్పే మొదటి పాఠం వేగంగా పోవడం గురించి కాదు, ఆపడం గురించి. దాని వెనకున్న లెక్క బళ్ళో చదివిన ఫిజిక్సే. వేగం రెట్టింపైతే బండిలోని శక్తి నాలుగింతలవుతుంది, బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరమూ అలాగే పెరుగుతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు, ఎదుట ఏదో అడ్డొచ్చిందని గ్రహించి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సుమారు 77 మీటర్లలో ఆగుతుంది. 140తో పోయే కారుకు దాదాపు 135 మీటర్లు కావాలి. ఇంకో రకంగా చూస్తే ఇది మరీ భయపెడుతుంది. రెండు కార్లూ ఒకేచోట ప్రమాదాన్ని చూశాయనుకుంటే, మొదటి కారు పూర్తిగా నిలిచిపోయిన చోట రెండోది ఇంకా దాదాపు 109 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. ఔటర్ మీద 140 దాటించేవాళ్ళలో ఈ సంగతి ఒంటికి తెలిసినవాళ్ళు ఎంతమంది? కాగితం మీద చదివితే అది అంకె. బ్రేకు నొక్కాల్సిన చోట ఒక కోన్, ఆగాల్సిన చోట ఇంకో కోన్ పెట్టి నడిపిస్తే, రెండో కోన్ దాటి బండి ఎంత దూరం పోయిందో డ్రైవరు కళ్ళారా చూస్తాడు.

గట్టి బ్రేకుకు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సంగతీ అంతే. 2019 నుంచి దేశంలో అమ్మే ప్రతి కొత్త కారులోనూ అది తప్పనిసరి. కానీ అది పనిచేసేటప్పుడు ఎలా ఉంటుందో చాలామంది డ్రైవర్లకు తెలియదు. బ్రేకు గట్టిగా తొక్కగానే పెడల్ పాదం కింద గడగడా అదురుతుంది, బానెట్ కింద మర తిరిగినట్టు చప్పుడొస్తుంది. ఏదో విరిగిందనుకుని కాలు తీసేస్తారు. సరిగ్గా తీయకూడని క్షణం అది. పెడల్ ఎంత అదిరినా కాలు అలాగే బిగించి ఉంచి, స్టీరింగుతో అడ్డును తప్పించుకోవడం ఒక పూటలో వచ్చే విద్య. ఆర్టీఏ ట్రాక్ మీద 8 అంకె, హెచ్ అక్షరం తిప్పే నెమ్మదిలో ఏబీఎస్‌కు పనే పడదు. లైసెన్సు చేతికొచ్చి ఇరవై ఏళ్ళు దాటినా, నిజంగా ప్రాణం మీదికి వచ్చినరోజే ఆ అదురు మొదటిసారి తెలియడం మన శిక్షణలోని పెద్ద లోటు.

మలుపు కూడా అలాంటి పాఠమే. టైరుకు ఉన్న పట్టు ఒక్కటే. దాన్ని ఆగడానికీ తిరగడానికీ పంచుకోవాలి. పట్టంతా బ్రేకుకే ఖర్చుపెడితే స్టీరింగు ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది. అందుకే మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలని, చూపు బానెట్ మీద కాక మలుపు చివర ఉండాలని ట్రాక్ మీద మళ్ళీ మళ్ళీ చెబుతారు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీస్తే బరువు ముందుకు ఒరిగి వెనక చక్రాలు జారతాయి. ఘాట్ రోడ్డు మీద ఈ పొరపాటు చేసినవాడికి పక్కన లోయ ఉంటుంది. ట్రాక్ మీద చేస్తే ఖాళీ నేల ఉంటుంది, ఎందుకు జారిందో అక్కడికక్కడే వివరించే మనిషి ఉంటాడు. ఎడాపెడా బ్రేకులు వేస్తూ పోతే బ్రేకు ఆయిల్ మరిగి పెడల్ మెత్తబడిపోతుందన్న సంగతి కూడా ఇక్కడే తెలుస్తుంది. పాత ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి ఇంకా త్వరగా మరుగుతుంది. తిరుమల దిగేవాళ్ళకూ అరకు దిగేవాళ్ళకూ ఇది పనికొచ్చే జ్ఞానమే.

దీనిమీద గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయడం తప్పు. ట్రాక్ మీద వేగం అలవాటైనవాడు రోడ్డు మీద ఊరుకుంటాడా అన్నదే అది. ఆ అనుమానం వట్టిది కాదు. 1974లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం లైసెన్సున్న రేస్ డ్రైవర్ల రోడ్డు రికార్డులను, అదే వయసు మామూలు డ్రైవర్లతో పోల్చింది. రేస్ డ్రైవర్లకే ప్రమాదాలూ ఎక్కువ, ట్రాఫిక్ ఉల్లంఘనలూ ఎక్కువ. బండి మీద అంత అదుపున్నవాళ్ళు రోడ్డు మీద మరింత భద్రంగా ఉండాలి కదా అనుకుంటాం, అలా జరగలేదు. నార్డిక్ దేశాల్లో జారే నేల మీద యువకులకు ఇచ్చిన శిక్షణ కూడా కొన్నిచోట్ల బెడిసికొట్టింది. నైపుణ్యం పెరగడం వేరు, నాకు నైపుణ్యం ఉందన్న ధీమా పెరగడం వేరు. రెండోది మొదటిదాన్ని మించిపోతే మనిషి ఇంకా ప్రమాదకరంగా తయారవుతాడు.

అయితే ఆ మాట దగ్గరే ఆగిపోతే సగం సాక్ష్యమే చూసినట్టు. స్వీడన్ పరిశోధకుడు నిల్స్ పెటర్ గ్రెగర్సన్ 1996లో ప్రచురించిన ప్రయోగం మిగతా సగం. ఆయన కుర్ర డ్రైవర్లను రెండు జట్లుగా చేశాడు. ఒక జట్టుకు జారే నేల మీద బండిని ఎంత బాగా అదుపు చేయవచ్చో నేర్పించాడు. రెండో జట్టుకు అలాంటి నేల మీద తమ అదుపు ఎంత తక్కువో, ఎంత నమ్మరానిదో తెలిసేలా చేశాడు. తర్వాత పరీక్షిస్తే అసలు నైపుణ్యంలో రెండు జట్లకూ తేడా లేదు. కానీ తమ నైపుణ్యాన్ని ఎక్కువగా అంచనా వేసుకున్నది మొదటి జట్టే. అంటే తేడా నేలలో లేదు, బండిలో లేదు, ఏం నేర్పామన్నదాంట్లో ఉంది. నా షరతుకు ఆధారం ఇదే. సెకన్లు లెక్కపెట్టడం మొదలైన క్షణం నుంచి, నిన్నటి కంటే నేను మెరుగయ్యాను అన్నదే పాఠమవుతుంది. గడియారం తీసేస్తే, నాకూ ఈ బండికీ హద్దు ఇదీ అన్నది పాఠమవుతుంది. ట్రాక్ పెడితే మరణాలు ఇన్ని తగ్గుతాయని ఎవరైనా అంకె చెబితే నేను నమ్మను. సరైన పద్ధతిలో నేర్పితే వేగం మోజుకు పందెం కాని ఒక దారి దొరుకుతుందని, హద్దు తెలిసిన డ్రైవరు తయారయ్యే అవకాశం ఉందని మాత్రం నమ్ముతాను.

ఇది డబ్బున్నవాళ్ళ సరదా, దానికి ప్రభుత్వ భూమి ఎందుకని అడిగేవాళ్ళుంటారు. డబ్బున్నవాళ్ళ సరదాగా ఎలా మారుతుందో హైదరాబాద్ చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. ప్రపంచ ప్రసిద్ధ డ్రైవర్లు వచ్చారు, జనం గ్యాలరీల్లో కూర్చుని చూశారు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది. తర్వాత మిగిలింది రాజకీయ వివాదం. ఈ ఊరి కుర్రాడు బ్రేకు వేయడం నేర్చుకోవడానికి దానివల్ల ఒక్క గజం నేల మిగల్లేదు. తమిళనాడు కథ వేరు. అక్కడ చెన్నై దగ్గర షోళవరంలో విమానాల పాత రన్‌వే మీద మొదలైన రేసింగు, 1990 నాటికి అదే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ సంపాదించుకుంది. కోయంబత్తూరులో కరివర్ధన్ అనే ఔత్సాహికుడు మారుతి ఇంజన్లతో చవగ్గా రేసు కార్లు తయారుచేశాడు. ఆయన పేరు మీదే అక్కడ కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. భారత్ నుంచి ఫార్ములా వన్ దాకా వెళ్ళిన ఇద్దరూ, 2005లో నారాయణ్ కార్తికేయన్, 2010లో కరుణ్ చంధోక్, కోయంబత్తూరు, చెన్నైవాళ్ళే కావడం ఊరికే జరిగింది కాదు. నేల అందుబాటులో ఉన్నచోటే విద్య పుట్టింది.

పైగా ఇక్కడ అడుగుతున్నది ఫార్ములా వన్ సర్క్యూట్ కాదు. విశాలమైన తారు మైదానం, ఒకవైపు నీళ్ళు చల్లి జారేలా చేసే పట్టీ, నాలుగైదు మలుపులున్న చిన్న దారి, బండి జారినా తగలడానికి ఏమీ లేనంత ఖాళీ, నిప్పార్పే సామగ్రి, అంబులెన్సు చాలు. ఆర్టీసీ డ్రైవర్లు, అంబులెన్సు డ్రైవర్లు, పోలీసు డ్రైవర్లు వారంలో నాలుగు రోజులు వాడుకోవచ్చు. మిగతా రోజులు ఫీజు కట్టి వచ్చే సామాన్యులవి. 2022 మృతుల్లో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనదారులే కాబట్టి బైకులకు విడిగా రోజులు కేటాయించాలి.

తారు వేయడం కొన్ని నెలల పని. ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేయడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. కొత్తవాడి పక్కన కూర్చుని, వాడు హుషారెక్కినప్పుడు తగ్గించి, బెదిరినప్పుడు నిలబెట్టి, మెచ్చుకోలు ఎక్కడ ఆపాలో తెలిసిన మనుషులు కావాలి. చెన్నై, కోయంబత్తూరు ట్రాకుల మీద ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు మనకు దగ్గర్లోనే ఉన్నారు. భూమి ఎక్కడన్నది తేలేలోపు, మన రెండు ప్రభుత్వాలూ తమ డ్రైవింగ్ శిక్షకుల్లో తొలి జట్టును వాళ్ళ దగ్గరికి పంపవచ్చు.