అన్నీ సిద్ధమయ్యే వరకు ఆగే కణం

మానవ కణంలో సాధారణంగా 46 క్రోమోజోములు ఉంటాయి. కణవిభజనకు ముందు ప్రతి క్రోమోజోముకూ ఒక నకలు తయారవుతుంది. అసలునూ నకలునూ కొహెసిన్ అనే ప్రొటీను వలయాలు కలిపి ఉంచుతాయి. రెండు వైపుల నుండి వచ్చే సూక్ష్మ తంతువులు ప్రతి జంటనూ సరిగా అందుకునే వరకు కణం నిరీక్షిస్తుంది. ఒక్క జంట మిగిలినా విభజన ఆగుతుంది. అన్నీ సిద్ధమైన పిదపనే సెపరేజ్ అనే ఎంజైము ఆ వలయాలను తెంచుతుంది.

ఈ బంధం నిలవడానికి ఆర్.ఎన్.ఏ. కూర్పు కూడా సవ్యంగా జరగాలి. జన్యువు నుండి వెలువడిన ఆర్.ఎన్.ఏ.లో అక్కరలేని భాగాలు తొలగి, మిగిలినవి అతుక్కోవాలి. సొరోరిన్ అనే ప్రొటీను విషయంలో ఈ పని కుంటుపడితే, జంటలు వేళకు ముందే విడిపోతాయని ప్రయోగాలలో తేలింది.

అండకణంలో క్రోమోజోముల పంపకం మరింత సున్నితమైనది. ఆడశిశువు తల్లి గర్భంలో ఉండగానే అది మొదలై, మధ్యలో ఆగి, ఏళ్ల తరువాత కొనసాగుతుంది. అంతకాలంలో ఆ పట్టు సడలవచ్చు. బిడ్డకు 21వ క్రోమోజోము ఒకటి అదనంగా చేరితే డౌన్ సిండ్రోమ్ కలుగుతుంది. ఈ సంగతిని ఫ్రాన్సు శాస్త్రవేత్తలు 1959లో వెల్లడించారు.

తల్లి వయసుతో ఈ అవకాశం పెరుగుతుంది. అయినా పిన్న వయసు తల్లులకూ ఇటువంటి బిడ్డలు జన్మిస్తారు. కొన్నిసార్లు అదనపు క్రోమోజోము తండ్రి నుండి వస్తుంది. గర్భిణి తిన్న పదార్థానికీ, చూసిన గ్రహణానికీ దీనితో సంబంధం లేదు. కనుక కోడలిని నిందించే పెద్దలు ఒక్క క్షణం ఆలోచించాలి. బిడ్డకు గుండె, వినికిడి పరీక్షలు సకాలంలో జరగాలి. ఓర్పుతో నేర్పేవారు కావాలి. ఆ తల్లికి ఇంటిల్లిపాది తోడుగా నిలవాలి.